స్కిట్లు రాసే నటి వృత్తి: అపోహలు - వాస్తవాలు

నేను పన్నెండేళ్ళుగా స్కిట్లలో నటిస్తున్నాను. అందులో ఎనిమిదేళ్ళుగా, నేను నటించేవాటిలో ఎక్కువ భాగం నేనే రాస్తున్నాను. ఈ రెండో మాట చెప్పగానే ఎదుటివారు కాస్త ఆశ్చర్యపోయి, “అంటే మీ డైలాగులు మీరే మార్చుకుంటారా?” అని అడుగుతారు. తెల్ల కాగితం దగ్గర నుంచి మొదలుపెట్టి అందరి డైలాగులూ రాస్తానని చెప్పినా వారికి నమ్మకం కుదరదు. పెళ్ళిళ్ళలో, రైలు ప్రయాణాల్లో, ఆడిషన్లకు వచ్చే అమ్మాయిల దగ్గర ఇటువంటి అభిప్రాయాలే పదే పదే వింటుంటాను కాబట్టి, వాటిలో ఏది ఎంతవరకు నిజమో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

అపోహ: స్కిట్ వేదిక మీద అప్పటికప్పుడు పుడుతుంది, నోట్లో మాటకారితనం ఉంటే చాలు.

ఈ అపోహకు కారణం మేమే. చూసేవారికి అలా అనిపించేలా చేయడమే మా పని కాబట్టి, అది బాగా కుదిరిన రోజున వెనకనున్న శ్రమ కనిపించదు. పది నిమిషాల స్కిట్ కోసం మా బృందం నాలుగైదు రోజులు కూర్చుంటుంది. అమెరికాలో 1975 అక్టోబరులో మొదలై ఇప్పటికీ నడుస్తున్న సాటర్డే నైట్ లైవ్ కార్యక్రమంలో ఈ శ్రమకు వారం పొడవునా ఒక క్రమమే ఉంది. సోమవారం ఆలోచనలు చెప్పుకుంటారు, మంగళవారం రాత్రి తెల్లవార్లూ రాస్తారు, బుధవారం అందరూ బల్ల చుట్టూ చేరి దాదాపు నలభై స్కిట్లను పైకి చదువుతారు, వాటిలో డజనుకు అటూ ఇటూగా ఉంచుకుని మిగిలినవన్నీ పక్కన పెడతారు. శనివారం ప్రేక్షకుల ముందు డ్రెస్ రిహార్సల్ జరిగాక కూడా కొన్నింటిని తీసేస్తారు.

రాత అంటే ఏమిటో చెప్పడానికి నా దగ్గరున్న ఒక వాక్యాన్ని చూపిస్తాను. ఒక భార్య ఇరుగుపొరుగు ఆడవాళ్ళ దగ్గర భర్త గురించి గొప్పలు చెప్పుకునే సన్నివేశం అది. మొదటి ప్రతిలో నేను ఇలా రాశాను: “పెళ్ళయి పదిహేనేళ్ళయినా మా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఎందుకంటే నేను ఆయనకు మాట్లాడే అవకాశమే ఇవ్వలేదు.” రిహార్సల్‌లో ఒక్కరూ నవ్వలేదు. నాటకాల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అప్పట్లో మా బృందంలో ఉండేవారు. ఆవిడ కాగితం అందుకుని, “ఎందుకంటే” దగ్గర నుంచి చివరిదాకా కొట్టేసి, పక్కన ఒకే ఒక్క మాట రాశారు: “అననిస్తేగా!”

ఆ కొట్టివేతలో నేను నేర్చుకున్నది ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఒక మనిషి ఏదో చేశాడో చేయలేదో ఆఖరి అక్షరం పలికేదాకా తేలదు. అందువల్ల మన భాషలో నవ్వు వాక్యం తోకలోనే ఉండాలి, దాని తర్వాత ఇంకొక అక్షరం మిగలకూడదు. “ఎందుకంటే” అన్న మాట చెవిన పడగానే ప్రేక్షకుడు ఇక వివరణ వస్తుందని సర్దుకుని కూర్చుంటాడు, ఆ సర్దుబాటులోనే నవ్వు చచ్చిపోతుంది. అంతకు ముందు ఎంతసేపు ఆగాలన్నది కూడా కాగితం మీద రాసుకోవలసిందే. “అనలేదు” తర్వాత పొరుగింటావిడ “ఎంత అదృష్టవంతురాలివమ్మా!” అనాలి, భార్య తల వంచుకుని మురిసిపోవాలి, ఆ మురిపెం ముఖం మీద ఉండగానే పంచ్ పడాలి.

అలాగని ఆశువుకు విలువ లేదని కాదు. షికాగోలో 1959లో మొదలైన సెకండ్ సిటీ బృందం ఆశువుగా ఆడుతూ, అందులో పండిన ముక్కలను పట్టుకుని స్కిట్లుగా కూర్చే పద్ధతికి పేరుపొందింది. అక్కడ ఆశువు పిండి లాంటిది. అట్టు వేయవలసిన పని ఇంకా మిగిలే ఉంటుంది.

అపోహ: పంచ్ ఎవరు చెబితే నవ్వు వారిదే.

పై వాక్యానికి తరువాతి కథ కూడా ఉంది. షూటింగ్ రోజు ఉదయం, మేకప్ వేసుకుంటుండగా, “అననిస్తేగా” అన్న మాటను నా దగ్గర నుంచి తీసి భర్త పాత్ర వేస్తున్న నటుడికి ఇచ్చినట్లు తెలిసింది. రాసిన నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ కార్యక్రమం పేరు ఇక్కడ అనవసరం. ఇటువంటివి చాలా చోట్ల జరుగుతాయి. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. అయితే నిజం చెప్పాలి: భర్త మూల కుర్చీలో కూర్చుని, పేపరు మీద నుంచి తల ఎత్తకుండా ఆ మాట గొణిగినప్పుడు, నేను చెప్పినప్పటి కంటే పెద్ద నవ్వు వచ్చింది. నాలోని నటి నష్టపోయిన చోట నాలోని రచయిత్రికి లాభం కలిగింది. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడంలో ఉన్న చిక్కు ఇదే.

రెండో టేకులో నేను ఒక్క మార్పు చేసుకున్నాను. ఆయన గొణిగిన తర్వాత నేను ఏమీ అనకుండా, పొరుగింటావిడ చేతిలోని కాఫీ గ్లాసును నెమ్మదిగా వెనక్కి తీసుకుని, భర్త వైపు తిరిగి చూశాను. ఎదురుగా ఉన్న జనం మళ్ళీ నవ్వారు, ఈసారి ఇంకా ఎక్కువసేపు నవ్వారు. పంచ్‌కు ముందు దారి పరిచేవారికి, పంచ్ తర్వాత ముఖం పెట్టేవారికి నవ్వులో వాటా ఉంటుంది. బుర్రకథలో కథకుడి పక్కన హాస్య వంత ఒకడు, రాజకీయ వంత ఒకడు ఉండేది ఇందుకే. గంభీరంగా కథ చెప్పే మనిషి పక్కన లేకపోతే హాస్య వంత దేన్ని వెక్కిరిస్తాడు?

అపోహ: నవ్వించే ఆడవాళ్ళు మన సంప్రదాయంలో లేరు, ఇదంతా టీవీ వచ్చాక పుట్టింది.

స్కిట్ అన్న పేరును టీవీ ఇంటింటికీ చేర్చిన మాట నిజమే. 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలైన తర్వాత స్కిట్, గెటప్, పంచ్, కౌంటర్ అన్న మాటలు మా ఊళ్ళో కిరాణా కొట్టు దగ్గర కూడా వినిపించాయి. అయితే పొట్టి పొట్టి హాస్య సన్నివేశాలు మనకు కొత్త కావు. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత ఘట్టాల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి చేసే గొడవంతా ఈ రోజు మేము స్కిట్ అని పిలుస్తున్నదే. ఆ ఆట ఆడే కుటుంబాల్లో ఆడబొమ్మలకు గొంతు ఇచ్చేది ఆడవాళ్ళే. బంగారక్క నోటి వెంట వచ్చే మోటు సరసం, మొగుడి మీద దెప్పుళ్ళు, ఊరి పెద్దల మీద విసుర్లు తెర వెనక కూర్చున్న ఒక స్త్రీ గొంతులో నుంచి పలికేవి. ఆమెను ఎవరూ చూడలేదు కాబట్టి చరిత్ర కూడా ఆమెను రాసుకోలేదని నా అనుమానం.

రంగస్థలానికి వస్తే, 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నటించేవి. మిగతా చోట్ల మగవారే ఆడ వేషాలు కట్టే రోజుల్లో సురభి స్త్రీలు తమ పాత్రలు తామే వేశారు. సినిమాకు వస్తే సూర్యకాంతం, గిరిజ, రమాప్రభ, శ్రీలక్ష్మి పేర్లు చెప్పకుండా తెలుగు హాస్యం గురించి మాట్లాడడం సాధ్యం కాదు. సూర్యకాంతం 1924లో పుట్టారు. ముప్పై ఏళ్ళు నిండకముందే గయ్యాళి అత్తగా స్థిరపడి, దాదాపు తన ఈడువారికే అత్తగారయ్యారు. వయసు మీద పడితే కామెడీ నటికి పని ఉండదని బెంగపడే అమ్మాయిలకు నేను ముందుగా చెప్పేది ఆవిడ సంగతే.

నటించడం, రాయడం రెండూ ఒకే చేత చేసిన వారి విషయంలో నాకు ఆదర్శం భానుమతీ రామకృష్ణ. ఆవిడ కథానాయిక, గాయని, 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసిన దర్శకురాలు. వీటన్నిటి మధ్య ‘అత్తగారి కథలు’ రాశారు. ఆ కథల్లో కోడలు స్వయంగా కథ చెబుతుంది, అత్తగారు తన మడి, పట్టుదల, అమాయకత్వంతో అందరినీ చిక్కుల్లో పడేస్తుంది. అత్తను వెక్కిరించడం సులువు. నవ్విస్తూనే ఆవిడ మీద పాఠకుడికి ఇష్టం కలిగించడం కష్టం. స్కిట్ రాయాలనుకునేవారు ఆ కథల్లో అత్తగారు గదిలోకి ప్రవేశించే తీరును ఒకసారి గమనించాలి.

అపోహ: ఆడపాత్రను మగవాడు లేడీ గెటప్‌లో చేస్తేనే నవ్వొస్తుంది.

స్త్రీ వేషం వేయడంలో తెలుగువారి శిఖరం స్థానం నరసింహారావు. 1956లో పద్మశ్రీ అందుకున్న ఆయన సత్యభామగా వేదిక మీదికి వస్తే జనం మైమరచి చూసేవారు. వేషం మార్చడం దానంతట అదే నవ్వు పుట్టించదని ఇందువల్లే తెలుస్తోంది. లేడీ గెటప్ వేసే మా సహనటుల్లో గొప్ప నైపుణ్యం ఉన్నవారున్నారు, వారు పడే అవమానాలు కూడా నేను దగ్గర నుంచి చూశాను. వారితో నాకు పేచీ లేదు. నా పేచీ, చీర కట్టిన మగవాడి నడకే పంచ్ అనుకుని అక్కడితో కలం మూసేసే రచయితలతో. ఆ నవ్వు మొదటి అరనిమిషం ఉంటుంది, మిగిలిన తొమ్మిదిన్నర నిమిషాలకు ఒక పాత్ర కావాలి.

అపోహ: నటికి రాయడం ఒక అదనపు సరదా.

విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో స్కిట్ పోటీకి ఆరుగురు సభ్యులు, పది నిమిషాలు అని లెక్క ఉంటుంది. నేను అక్కడి నుంచే వచ్చాను. అక్కడ ఆరుగురమూ కలిసి రాసుకున్నాం, ఎవరి పాత్రకు పేరు లేకపోయినా ఊరుకునేవాళ్ళం కాదు. హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకుని టీవీ స్కిట్లు మొదలుపెట్టాక, మొదటి మూడేళ్ళు నా చేతికి వచ్చిన ప్రతుల్లో మగ పాత్రలకు పేర్లుండేవి; నా పాత్రకు ఎదురుగా ‘భార్య’, ‘మరదలు’, ‘పక్కింటి ఆంటీ’ అని ఉండేది. పేరు లేని పాత్రకు వృత్తి ఉండదు, పంతం ఉండదు, పొరపాటు చేసే హక్కు కూడా ఉండదు. పొరపాటు చేయని మనిషి వల్ల నవ్వు పుట్టదు. ఇది ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు. రాసేవారు తమకు తెలిసిన వైపు నుంచే రాస్తారు, ఆ గదిలో ఆడవాళ్ళు లేరు, అంతే.

నాలుగో ఏడు నేను చేసింది ఒక్కటే. రిహార్సల్‌కు ముందు రోజు రాత్రి నా పాత్రకు ఒక పేరు, ఒక ఉద్యోగం, ఒక మూర్ఖపు పట్టుదల రాసుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. ‘భార్య’ కాస్తా చీటీలు నడిపే సుబ్బలక్ష్మి అయింది, చీటీ పాట రోజున సొంత మొగుడినే బాకీదారుల వరుసలో నిలబెట్టింది. ఆ స్కిట్ తర్వాత ప్రతులు ముందుగా నాకు చూపించడం ఆనవాయితీ అయింది, మరుసటి ఏడు నుంచి నన్నే రాయమన్నారు. అమెరికన్ హాస్యనటి టీనా ఫే 1997లో సాటర్డే నైట్ లైవ్‌లో రచయిత్రిగా చేరి, 1999లో అక్కడ ప్రధాన రచయిత స్థానానికి వచ్చిన మొదటి మహిళ అయ్యారు. తెర మీద వార్తల వ్యంగ్య విభాగంలో ఆవిడ ముఖం స్థిరంగా కనిపించింది 2000లో. ముందు కలం, ఆ తర్వాత కెమెరా. నా కాలం నాటి అమ్మాయిలందరికీ దారి ఇందుకు తలకిందులుగానే ఉండేది.

అపోహ: యాస పట్టుకుంటే కామెడీ వచ్చేస్తుంది.

యాస మనిషి పుట్టిన చోటును చెబుతుంది, అతను నవ్వు పుట్టించేవాడో కాదో చెప్పదు. శ్రీకాకుళం యాసలో ఒక తల్లి కొడుకు ఉద్యోగం గురించి బెంగపడుతుంటే నవ్వు ఆ బెంగలోని వింత లెక్కల నుంచి రావాలి. పలుకు వినగానే నవ్వమని ప్రేక్షకుడికి సైగ చేసే స్కిట్లను నేను రాయను. ఇది నా సొంత పట్టింపు.

అపోహ: టీవీలో వారం వారం కనిపించేవారికి డబ్బుకు లోటు ఉండదు.

మాకు నెల జీతం లేదు. ఎపిసోడ్ లెక్కన పారితోషికం ఉంటుంది, ఒకే కాల్షీట్‌లో రెండు ఎపిసోడ్లు తీసే రోజులుంటాయి, ఆ చెక్కు చేతికి వచ్చేసరికి మూడు నెలలు పట్టిన సందర్భాలూ ఉన్నాయి. కాలేజీ వేడుకలు, కంపెనీల వార్షికోత్సవాలు, అమెరికాలోని తెలుగు సంఘాలు తానా, ఆటా రెండేళ్ళకోసారి జరిపే సభల వంటివాటి పిలుపులే నిజంగా ఇల్లు నడుపుతాయి. రాసినందుకు విడిగా డబ్బు అడగవచ్చని నాకు చాలా కాలం తెలియలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

అపోహ: ఆలోచన మనదైతే చాలు, దాన్ని ఎవరూ తీసుకోలేరు.

1957 నాటి కాపీరైట్ చట్టం ఆలోచనకు రక్షణ ఇవ్వదు. రాసిన రూపానికే ఇస్తుంది. ‘చీటీలు నడిపే భార్య’ అన్నది ఎవరైనా వాడుకోవచ్చు, నేను రాసిన సంభాషణలను ఉన్నవి ఉన్నట్లు వాడుకోకూడదు. అందుకని నోటితో కథ చెప్పి రావడం మానుకుని, రాసిన ప్రతిని తేదీతో సహా నాకు నేనే మెయిల్ చేసుకుంటాను. రచయితల సంఘాల్లో నమోదు చేయించుకునే వీలు కూడా ఉంది. కాగితం మీద సంతకం పెట్టే ముందు, రాసిన ప్రతి మీద హక్కు ఎవరికి పోతోందన్న ఒక్క పేరాను రెండుసార్లు చదవమని కొత్తగా వచ్చిన అమ్మాయిలకు చెబుతుంటాను. సాధారణంగా అది మూడో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇలా ఎంత జాగ్రత్త పడినా మాటలు ప్రవహించిపోతాయి. “అననిస్తేగా!”ను ఇప్పటికి మూడు వేరే బృందాల స్కిట్లలో విన్నాను, ఒక చోట చాలా బాగా పండింది కూడా. దాని గురించి ఫిర్యాదు చేయడానికి నాకు హక్కు లేదు. ఆ మాట రాసింది నేను కాదు, కాగితం మీద కొట్టివేత గీసిన ఆ పెద్దావిడ. ఆవిడ మాతో ఆరేళ్ళు పనిచేశారు, ఏ ఎపిసోడ్ చివరా ఆవిడ పేరు పడలేదు.