డల్లాస్‌లో మంచు, కూకట్‌పల్లిలో టెన్షన్

జనవరి వచ్చిందంటే హైదరాబాద్‌లో చాలామంది తల్లిదండ్రుల ఫోన్లలో రెండు ఊళ్ల వాతావరణం ఉంటుంది. ఒకటి మనది, ఇంకొకటి పిల్లలు ఉండే ఊరిది. ఎనిమిది అంగుళాల మంచు అని యాప్ చెప్పగానే కూకట్‌పల్లి నుంచి ఫోన్ వెళ్తుంది: "పాలు, బ్రెడ్ తెచ్చి పెట్టుకున్నావా నాన్నా?" తెల్లారేసరికి ఎనిమిది కాస్తా రెండవుతుంది, లేదంటే మంచు కాదు ఐస్ అంటారు. వీళ్లకు ముందే సరిగ్గా చెప్పడం చేతకాదా అన్న విసుగు సహజమే. అయితే ఈ చిక్కు ఇవాళ్టిది కాదు.

1888 మార్చిలో న్యూయార్క్‌ను ముంచెత్తిన మంచు తుఫాను అంచనాకు అందలేదు. అప్పట్లో ఆ బాధ్యత అమెరికా సైన్యంలోని సిగ్నల్ విభాగానిది. దాదాపు 400 మంది చనిపోయారు. లెక్కలు కట్టి వాతావరణం చెప్పొచ్చని బ్రిటన్‌కు చెందిన శాస్త్రవేత్త రిచర్డ్‌సన్ 1922లో పుస్తకమే రాశాడు. ఆరు గంటల అంచనాకు ఆరు వారాలు కూర్చుని లెక్కలు వేశాడు, అదీ ఘోరంగా తప్పింది. 1950లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ ఒక రోజు అంచనా వేయడానికి దాదాపు ఒక రోజు తీసుకుంది. అంటే అంచనా, వాతావరణం ఒకేసారి వచ్చాయన్నమాట!

అసలు మలుపు 1993 మార్చిలో వచ్చింది. అమెరికా తూర్పు భాగాన్ని కుదిపేసిన ఆ తుఫాను గురించి ఐదు రోజుల ముందే హెచ్చరించారు. మంచు పడకముందే కొన్ని రాష్ట్రాలు ఎమర్జెన్సీ ప్రకటించాయి. తుఫాను వస్తుందా రాదా అన్న ప్రశ్న అప్పటి నుంచి చాలావరకు తీరినట్టే.

తీరనిది ఇంకొకటి ఉంది: వచ్చాక ఏం పడుతుంది? శీతాకాలంలో మేఘంలోంచి మంచుగా బయల్దేరింది, దారిలో గాలి సున్నా డిగ్రీల కంటే కాస్త వెచ్చగా ఉంటే కరిగి చినుకవుతుంది. నేల దగ్గర చల్లగాలి పొర మందంగా ఉంటే ఆ చినుకు మళ్లీ గట్టిపడి, రవ్వల్లా టపటపా రాలుతుంది. ఆ పొర పల్చగా ఉంటే గట్టిపడే సమయం ఉండదు, నీళ్లలాగే వచ్చి కొమ్మకో కరెంటు తీగకో తగలగానే గడ్డకడుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌లో ఇలాగే ఐస్ పేరుకుని దాదాపు వెయ్యి కరెంటు టవర్లు కుప్పకూలాయి. పైనున్న వెచ్చటి పొరలో ఒక్క డిగ్రీ తేడా వస్తే చాలు, మంచు అన్నది ఐస్ అవుతుంది.

అచ్చంగా మంచే పడినా అంగుళాల లెక్క తిన్నగా రాదు. అంగుళం నీళ్లకు పది అంగుళాల మంచు అన్నది మోటు లెక్క. తడి మంచైతే అయిదే, పొడి మంచైతే ఇరవై కూడా కావచ్చు. తుఫాను దారి కాస్త మారినా అంతే. 2015 జనవరిలో న్యూయార్క్‌లో 20 నుంచి 30 అంగుళాలన్నారు, సబ్‌వే కూడా ఆపేశారు. సెంట్రల్ పార్కులో పడింది 9.8. తుఫాను కొంచెం తూర్పుకు జరగడంతో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 34.5 అంగుళాలు పడింది. న్యూజెర్సీలో అంచనా వేసిన ప్రభుత్వ అధికారి ఒకరు జనానికి బహిరంగంగా సారీ చెప్పారు. నన్నడిగితే అంత అవసరం లేదు. తుఫాను రానే వచ్చింది, పక్క ఊళ్లో పడింది.

అందుకే 1992 నుంచి పెద్ద వాతావరణ కేంద్రాలు లెక్క మొదలుపెట్టే కొలతల్ని కొద్దికొద్దిగా మార్చి, ఒకే తుఫానుకు చాలా అంచనాలు వేయిస్తున్నాయి. ఫలితంగా వచ్చేది ఒక అంకె కాదు, ఇంత నుంచి ఇంత అనే శ్రేణి. చాలా యాప్‌లు దాన్ని కుదించి ఒకే అంకె చూపిస్తాయి. మనవాళ్ల టెన్షన్‌లో సగం అక్కడే పుడుతుంది.

అంచనా సరిగ్గా ఉన్నా గండం గడవకపోవచ్చు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌కు గడ్డకట్టే చలి వస్తోందని ముందే చెప్పారు. డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. గ్యాస్ సరఫరా, విద్యుత్ కేంద్రాలు చలికి తట్టుకోలేక 45 లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు.

ఇక మంచును దారిలో కరిగించే ఆ వెచ్చటి పొరను నేరుగా కొలిచేది ముఖ్యంగా వాతావరణ బెలూనే. ప్రపంచమంతటా ఒకే వేళకు, మన గడియారంలో ఉదయం, సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో వీటి కొలతలు తీస్తారు. హైదరాబాద్ నుంచీ బెలూన్ ఎగురుతుంది. 2025లో సిబ్బంది చాలక అమెరికాలోని కొన్ని కేంద్రాలు బెలూన్లు వదలడం తగ్గించాయి, కొన్ని ఆపేశాయి.