నవంబరు 1: ఒకే తేదీ చుట్టూ ముసిరిన అపోహలు, వాస్తవాలు

పత్రికకు ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక కూర్చడం నా వృత్తి. ఈ పనిలో తేదీ తప్పు పడటం తక్కువే. తేదీ సరిగ్గానే ఉండి, ఆ రోజు జరిగినదేమిటో తప్పుగా పడటం ఎక్కువ. ఒక చట్టానికి ఆమోదం లభించిన రోజు, అది అమల్లోకి వచ్చిన రోజు, దానిని ప్రజలకు చాటిన రోజు, ఏటా వేడుక జరుపుకొనే రోజు వేర్వేరు కావచ్చు. వీటన్నిటినీ ఒక్క వాక్యంలోకి కుదించేసరికి అపోహ పుడుతుంది, ఏటేటా ఒక జాబితా నుంచి మరొక జాబితాకు అది అలాగే ఎక్కుతూ పోతుంది. నవంబరు 1 అటువంటి అపోహలు బాగా ముసిరిన తేదీ.

అపోహ: పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ ఫలితంగా 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, దేశంలో అదే తొలి భాషా రాష్ట్రం.

వాస్తవం: ఈ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు తేదీలు కలగాపులగమయ్యాయి. శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహార దీక్షకు కూర్చున్నది మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలను వేరు చేసి ఆంధ్ర రాష్ట్రం ఇవ్వాలని. డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. నాలుగు రోజుల తరువాత, డిసెంబరు 19న, ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. ఆ రాష్ట్రం కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా 1953 అక్టోబరు 1న అవతరించింది. స్వాతంత్ర్యం వచ్చాక భాష ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రం అదే. బ్రిటిషు కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒడిశాను ముందు చెప్పుకోవాలి.

1956 నవంబరు 1 నాటి ఆంధ్రప్రదేశ్ వెనుక కథ వేరు. ఫజల్ అలీ నాయకత్వంలోని రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక, ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం, ఆ తరువాత పార్లమెంటు చేసిన చట్టం కలిసి ఆంధ్ర రాష్ట్రాన్నీ తెలంగాణనూ ఒక్కటి చేశాయి. శ్రీరాములు త్యాగానికి అసలు సాక్ష్యంగా నిలిచే అక్టోబరు 1 మన జ్ఞాపకంలో మరుగున పడిపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

అపోహ: ఆ రోజు ఏర్పడిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఒక్కటే.

వాస్తవం: రాష్ట్రాల పునర్విభజన చట్టం నవంబరు 1ని ‘అపాయింటెడ్ డే’గా, అంటే మార్పులు అమల్లోకి వచ్చే రోజుగా నిర్ణయించింది. 2014లో తెలుగువారందరి నోటా నానిన మాటే ఇది. ఆ ఒక్క రోజుతో దేశపటం 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా మారింది. కేరళ పుట్టింది, మైసూరు, మధ్యప్రదేశ్ కొత్త ఎల్లలతో పెద్దవయ్యాయి, హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై మరాఠ్వాడా బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి.

అయితే జిల్లాలు జిల్లాలుగా పంచి ఊరుకోలేదు. చట్టంలోని మూడో సెక్షను తెరిచి చూస్తే పంపకం తాలూకాల వరకు, కొన్నిచోట్ల రెవెన్యూ సర్కిళ్ల వరకు వెళ్లినట్లు తెలుస్తుంది. రాయచూరు జిల్లాలోని అలంపురం, గద్వాల తాలూకాలు, గుల్బర్గా జిల్లాలోని కొడంగల్, తాండూరు, బీదరు జిల్లాలోని నారాయణఖేడ్, నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా సర్కిళ్లు ఆ రోజే తెలుగు రాష్ట్రంలోకి వచ్చాయి. ‘తెలంగాణ ఆంధ్రలో విలీనమైంది’ అని ఒక్క ముక్కలో రాసినప్పుడు ఈ ఊళ్ల చరిత్ర అంతా జారిపోతుంది.

ఇదే తేదీకి 1966లో హర్యానా, 2000లో ఛత్తీస్‌గఢ్ కూడా తోడయ్యాయి. 2000లో మూడు కొత్త రాష్ట్రాలూ ఒకేరోజు వచ్చాయని కొందరు రాస్తుంటారు, అది సరికాదు. ఉత్తరాంచల్ నవంబరు 9న, ఝార్ఖండ్ నవంబరు 15న వచ్చాయి. మైసూరుకు కర్ణాటక అన్న పేరు కూడా 1956లో రాలేదు, 1973 నవంబరు 1న వచ్చింది.

అపోహ: 1858 నవంబరు 1న ఈస్టిండియా కంపెనీ రద్దయింది.

వాస్తవం: ఆనాడు అలహాబాదు దర్బారులో గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభువు విక్టోరియా రాణి ప్రకటనను చదివి వినిపించాడు. పాలన కంపెనీ నుంచి రాణి చేతికి మారే చట్టానికి లండన్‌లో ఆగస్టు 2నే ఆమోదం లభించింది, సెప్టెంబరు 1 నుంచి అది అమలైంది. భారతీయుల చెవిన పడిన రోజు మాత్రమే నవంబరు 1. కంపెనీ ఆ తరువాత కూడా పేరుకు బతికి, 1874 జూన్ 1న రద్దయింది.

అపోహ: యానాం 1954 నవంబరు 1న ఫ్రెంచివారి నుంచి విముక్తి పొంది, ఆ రోజే భారతదేశంలో విలీనమైంది.

వాస్తవం: ఈ తప్పు తెలుగు జాబితాల్లో తరచుగా కనిపిస్తుంది కాబట్టి కొంత వివరంగా చెప్పాలి. యానాంలో ఫ్రెంచి పాలన 1954 జూన్ 13నే కూలిపోయింది. దడాల రఫేల్ రమణయ్య వంటి వారి నాయకత్వంలో విమోచన పక్షం ఆ రోజు పరిపాలనను తన చేతిలోకి తీసుకుంది. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు ఓటు వేయగా 178 మందిలో 170 మంది భారతదేశం వైపు, 8 మంది ఫ్రాన్స్ వైపు నిలిచారు. దానిని అనుసరించి కుదిరిన ఒప్పందం మేరకు నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాంల పరిపాలన భారత ప్రభుత్వానికి అందింది.

కానీ అందినది పరిపాలన మాత్రమే, సార్వభౌమాధికారం కాదు. దానిని బదిలీ చేసే ఒడంబడికపై 1956 మే 28న సంతకాలయ్యాయి, ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదం కోసం మరో ఆరేళ్లు ఆగవలసి వచ్చింది, 1962 ఆగస్టు 16న గాని చట్టరీత్యా బదిలీ పూర్తికాలేదు. అందుకే పుదుచ్చేరి ప్రభుత్వం నవంబరు 1నీ ఆగస్టు 16నీ రెండింటినీ పాటిస్తుంది. యానాం గురించి రాసేవారు జూన్ 13నూ కలిపి మూడు తేదీలు గుర్తుంచుకోవాలి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి రాసినా తప్పుకాదు, ఆ రోజు ఏమి జరిగిందో సరిగ్గా చెప్పినంతవరకు.

అపోహ: తేదీ ఎక్కడైనా ఒకటే, అచ్చులో ఉన్న అంకెను అలాగే తీసుకోవచ్చు.

వాస్తవం: అమెరికా తొలి హైడ్రోజన్ బాంబును పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ పగడపు దీవుల్లో పేల్చినప్పుడు అక్కడ 1952 నవంబరు 1 ఉదయం 7.15 గంటలు. గ్రీనిచ్ కాలమానంలో అప్పటికి అక్టోబరు 31 రాత్రి 7.15, అమెరికాలోనూ 31వ తేదీయే. మన దేశంలో మాత్రం అర్ధరాత్రి దాటి ముక్కాలు గంట అయింది కాబట్టి మన గడియారం ప్రకారం కూడా అది నవంబరు 1 ఘటనే. అమెరికన్ పుస్తకంలో 31 అని, మరొక పుస్తకంలో 1 అని కనిపిస్తే రెండింటిలో ఒకటి తప్పని తేల్చేయకూడదు. ఇక 1512 నవంబరు 1న రోములోని సిస్టీన్ చాపెల్ పైకప్పుమీద మైఖెలాంజెలో వేసిన చిత్రాలను ప్రజలకు చూపినట్లు అన్ని జాబితాల్లోనూ ఉంటుంది. అది జూలియన్ క్యాలెండరు తేదీ, నేటి లెక్కకు మారిస్తే నవంబరు 11 అవుతుంది. చరిత్రకారులు సాధారణంగా ఆనాటి తేదీనే ఉంచుతారు, నేనూ అలాగే ఉంచుతాను.

అపోహ: తేదీలు కలిస్తే అందులో ఏదో అంతరార్థం ఉంటుంది.

వాస్తవం: పెద్దమనుషుల ఒప్పందం 1956 ఫిబ్రవరి 20న జరిగింది, రాష్ట్ర విభజన బిల్లును రాజ్యసభ ఆమోదించింది 2014 ఫిబ్రవరి 20న. ఇది చదివిన ఎవరికైనా ఒక్క క్షణం ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఇది కాకతాళీయమే. ఏడాదికి ఉన్నవి 365 రోజులే కాబట్టి కలయికలు తప్పవు. నవంబరు 1 రాష్ట్రాల పుట్టినరోజుగా మారడానికి మాత్రం సామాన్యమైన కారణమే కనిపిస్తుంది. ఖజానా లెక్కలు, జీతాలు నెలవారీగా నడిచే ప్రభుత్వాలకు నెల మొదటి రోజున పాలన మారితే సౌకర్యం. ఆంధ్ర రాష్ట్రం అక్టోబరు 1న, మహారాష్ట్ర, గుజరాత్ 1960 మే 1న ఏర్పడటం చూస్తే ఇది నిజమనిపిస్తుంది.

అపోహ: నవంబరు 1 అందరికీ పండుగ రోజు.

వాస్తవం: తెలంగాణ ఉద్యమకారులు ఈ రోజును ‘విద్రోహ దినం’గా పాటించారు. కర్ణాటకలోని బెళగావిలో కన్నడిగులు రాజ్యోత్సవం జరుపుకొంటుండగా, ఆ ప్రాంతాన్ని మహారాష్ట్రలో కలపాలనే మహారాష్ట్ర ఏకీకరణ సమితి నల్ల జెండాలతో నిరసన తెలుపుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2019లో నవంబరు 1ని రాష్ట్ర దినంగా జరిపింది, 2021లో దానిని జూలై 18కి మార్చింది. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు ఈ వేడుక ఆగి, 2019లో మళ్లీ మొదలైంది.

పండుగ మాటున మరుగైన ఘటన ఒకటి ఉంది. 1966 నవంబరు 1, ఆంధ్రప్రదేశ్‌కు పదేళ్లు నిండిన రోజు. విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు అక్టోబరు 15 నుంచి నిరాహార దీక్షలో ఉన్నారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ వీధుల్లోకి వచ్చిన జనంపై ఆ రోజు విశాఖపట్నంలో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. కర్మాగారం మంజూరైనట్లు ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించింది 1970 ఏప్రిల్ 17న. జాబితాల్లో ‘ఆంధ్రప్రదేశ్ అవతరణ’ ఎప్పుడూ ఉంటుంది, ఈ కాల్పులు చాలాసార్లు కనిపించవు. స్థలం చాలనప్పుడు నేను ప్రపంచ వేగన్ దినాన్ని తీసేస్తాను గాని విశాఖను తీయను.