షూటౌట్ ముందా, ఎక్స్‌ట్రా టైమ్ ముందా?

1968 జూన్ 5న నేపుల్స్‌లో యూరో ఫుట్‌బాల్ సెమీఫైనల్ జరిగింది. ఇటలీ, సోవియట్ యూనియన్ 90 నిమిషాల ఆట, ఆపై 30 నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్ కలిపి 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ కూడా పడలేదు. ఫైనల్‌కు ఎవరు వెళ్లాలో తేల్చడానికి చివరికి నాణెం ఎగరేశారు. అది ఇటలీ కెప్టెన్ ఫక్కెత్తి కోరిన వైపే పడింది. ఇటలీ ఫైనల్‌కు వెళ్లి కప్పు కూడా గెలిచింది. అదే ఏడాది మెక్సికో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఇజ్రాయెల్ ఇలాగే లాటరీలో బల్గేరియాకు ఓడిపోయింది. ఆ ఓటమి తర్వాతే, ఇలాంటి మ్యాచ్‌లను పెనాల్టీ కిక్కులతో తేల్చాలని ఇజ్రాయెల్‌కు చెందిన యోసెఫ్ దగన్ సూచించాడు. ఫుట్‌బాల్ నియమాలు రాసే అంతర్జాతీయ బోర్డు ఐఫాబ్ 1970 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌నెస్‌లో సమావేశమై ఈ పద్ధతికి ఒప్పుకుంది. అదే ఇప్పటి షూటౌట్.

నాణెం పోయింది కానీ ‘లాటరీ’ అన్న మాట మాత్రం పోలేదు. ఓడిన జట్టు అభిమానులు ఇప్పటికీ అదే అంటారు. నేను ఒప్పుకోను. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. 11 మీటర్ల దూరం నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి గోల్ లైన్ చేరడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. బంతి ఎటు వస్తోందో పూర్తిగా చూశాక దూకితే మూలకు వెళ్లే బంతి అందదు. అందుకే గోల్‌కీపర్ కిక్ కొట్టేవాడి నడక, తుంటి, నిలబడిన కాలు చూసి ముందే అంచనా వేయాలి. అటువైపు కిక్ కొట్టేవాడు కీపర్ కదలికను చదువుతుంటాడు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ గుర్తుందా? కేరళ బ్లాస్టర్స్‌తో స్కోరు 1-1 దగ్గర ఆగిపోతే, హైదరాబాద్ ఎఫ్‌సీ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులు ఆపి జట్టును 3-1తో గెలిపించాడు. దాన్ని లాటరీ అనడం అతని పనితనాన్ని తక్కువ చేయడమే.

షూటౌట్లో నైపుణ్యం ఉందని ఒప్పుకున్నాక, దాన్ని న్యాయంగా పరీక్షిస్తున్నామా అన్న ప్రశ్న వస్తుంది. దీని మీద ఎక్కువ చర్చ నడిచింది కిక్కుల వరుస గురించి. జట్లు ఒకదాని తర్వాత ఒకటి కొడతాయి కాబట్టి రెండో జట్టు ఎప్పుడూ వెంటాడుతూనే ఉంటుంది. ఆ టెన్షన్ వల్ల దానికి నష్టమా?

2010లో హోసె అపెస్తెగియా, ఇగ్నాసియో పలాసియోస్-వెర్తా అనే ఆర్థికవేత్తలు అవునన్నారు. వాళ్లు పట్టుకున్న దారి చాలా తెలివైనది. 2003 వరకు టాస్ గెలిచిన జట్టు తప్పకుండా ముందు కొట్టాలి. అంటే ఎవరు ముందు అన్నది పూర్తిగా నాణెం చేతిలోనే ఉంది, జట్టు బలంతో దానికి సంబంధం లేదు. కొత్త మందును పరీక్షించేటప్పుడు రోగులను చీటీలు తీసి రెండు గుంపులు చేస్తారు కదా, ఇక్కడ ఆ పని ఆట నియమమే చేసిపెట్టింది. అలాంటి 129 షూటౌట్లు లెక్కిస్తే ముందు కొట్టిన జట్టు 60.5 శాతం గెలిచింది. నాణేన్ని 129 సార్లు ఎగరేస్తే బొమ్మ 78 సార్లో అంతకన్నా ఎక్కువో పడటం వందలో ఒకసారి జరిగే సంగతి. సహజంగానే ఈ ఫలితం పెద్ద వార్త అయింది.

2012లో మార్టిన్ కోఖర్, మార్క్ లెంజ్, మథియాస్ సుట్టర్ ఇంకా విస్తృతంగా వెతికి 540 షూటౌట్లు పోగుచేశారు. 60.5 కాస్తా 53.3 శాతానికి పడిపోయింది. 540 సార్లు నాణెం ఎగరేసినా వందలో ఆరేడుసార్లు ఇంత తేడా దానంతటదే రావచ్చు. దీన్నిబట్టి ముందు కొట్టడం లాభమని గట్టిగా చెప్పలేం. మొదటి పరిశోధకులు లెక్క తప్పలేదు, వాళ్ల చేతిలో ఉన్న షూటౌట్లు తక్కువ, అంతే. చిన్న లెక్కలో కనిపించిన పెద్ద తేడా లెక్క పెరిగేకొద్దీ కరిగిపోవడం విజ్ఞానశాస్త్రంలో తరచూ జరిగేదే.

అయినా నియమాలు రాసేవాళ్లు 2017లో వరుస మార్చి చూశారు. ‘ఏ’ అనే జట్టు ఒక కిక్, ‘బీ’ జట్టు రెండు, మళ్లీ ‘ఏ’ రెండు, ఇలా టెన్నిస్ టైబ్రేక్‌లో సర్వీస్ మారినట్టు. ఆ ఆగస్టులో వెంబ్లీలో ఆర్సెనల్ ఈ పద్ధతిలోనే చెల్సీని 4-1తో ఓడించి కమ్యూనిటీ షీల్డ్ అందుకుంది. పద్ధతి క్లిష్టంగా ఉందనే కారణం చూపి ఐఫాబ్ 2018 నవంబర్‌లో దాన్ని పక్కన పెట్టింది. ఆ నిర్ణయం సరైనదేనని తర్వాత తేలింది. యూరప్ పురుషుల పోటీల నుంచి పదకొండు సీజన్లలో సుమారు 50,000 పెనాల్టీలు, 1,500కు పైగా షూటౌట్లు తీసుకుని 2024లో ఒక పరిశోధన వచ్చింది. మామూలు వరుసలో ఏ జట్టుకూ లాభం కనబడలేదు.

అదే పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట మరొకటి ఉంది. మ్యాచ్ మధ్యలో వచ్చే పెనాల్టీల కంటే షూటౌట్లో గోల్స్ తక్కువ పడతాయి. కీపర్లు అప్పుడు మరింత బాగా ఆపడం వల్ల కాదు, కొట్టేవాళ్లు సరిగా కొట్టలేకపోవడం వల్ల. నార్వేకు చెందిన గెయిర్ జోర్డెట్ పెద్ద టోర్నీల షూటౌట్లను చూసి అంతకుముందే ఇలాంటిది చెప్పాడు. గోల్ పడితే జట్టు గెలిచిపోయే కిక్కుల్లో 92 శాతం దాకా లోపలికి వెళ్లాయి. తప్పితే జట్టు ఓడిపోయే కిక్కుల్లో మాత్రం 60 శాతం పరిసరాల్లోనే ఆగిపోయాయి. ఇదీ చిన్న లెక్కే కాబట్టి ఈ అంకెలను అంగుళాల్లో కొలవకూడదు. కానీ భయం పనితనాన్ని తినేస్తుందన్నది రెండు చోట్లా కనిపిస్తోంది.

ఆ భయానికి కారణం ఉంది. 1994 ప్రపంచకప్ ఫైనల్ అనగానే రాబెర్టో బజ్జో పైకి తన్నేసిన బంతే గుర్తొస్తుంది. అతనికన్నా ముందు ఇటలీ నుంచి బరేసి, మస్సారో కూడా గోల్ కొట్టలేకపోయారు. బజ్జో కొట్టి ఉన్నా స్కోరు 3-3 అయ్యేది, బ్రెజిల్‌కు ఇంకో కిక్ మిగిలే ఉండేది. అయినా ఓటమి మొత్తం అతని పేరునే రాసేశారు. 2021 యూరో ఫైనల్లో ఇంగ్లండ్ తరఫున చివరి కిక్ కొట్టిన బుకాయో సాకాకు అప్పుడు 19 ఏళ్లు. ఆ రాత్రి అతన్నీ, రాష్‌ఫోర్డ్‌నూ, సాంచోనూ జాత్యహంకారపు తిట్లతో వేధించారు. 120 నిమిషాల జట్టు ఆటను ఒక మనిషి నెత్తిన పెట్టే ఏర్పాటు ఇది. నాకు ఇది సరైన నియమంగా కనిపించదు.

ఈమధ్య నియమాల్లో జరిగిన మార్పులేవీ ఈ సమస్య జోలికి పోలేదు. కిక్ సమయంలో కీపర్ ఒక కాలైనా లైన్ మీద ఉండాలని 2019లో తేల్చారు. కిక్ కొట్టేవాడి దృష్టి మళ్లించే చేష్టలు చేయకూడదని 2023లో స్పష్టం చేశారు. 2025 మార్చిలో అట్లెటికో మాడ్రిడ్ ఆటగాడు హులియాన్ అల్వారెజ్ జారినప్పుడు బంతి అతని రెండో కాలికి తగిలిందని గోల్ రద్దు చేశారు. ఆ తర్వాత, పొరపాటున అలా తగిలి గోల్ పడితే మళ్లీ కొట్టనివ్వాలని చెప్పారు. అన్నీ మంచివే. కానీ కెమెరా పట్టుకోగలిగిన తప్పులను మాత్రమే ఇవి సరిచేస్తాయి.

ఆర్థికవేత్త హువాన్ కారిలో 2007లో పరిశీలించిన ఆలోచనకు ఇంతకన్నా ఎక్కువ విలువ ఉందని నా అభిప్రాయం. 90 నిమిషాలకు స్కోరు సమమైతే షూటౌట్ వెంటనే పెట్టాలి, ఎక్స్‌ట్రా టైమ్ ఆ తర్వాత ఆడాలి. ఎక్స్‌ట్రా టైమ్‌లో కూడా ఎవరూ గెలవకపోతేనే షూటౌట్ ఫలితం పనికొస్తుంది. అప్పుడు కిక్ తప్పిన ఆటగాడికి ఆ తప్పును దిద్దుకోవడానికి 30 నిమిషాలు ఉంటాయి, పక్కన పది మంది ఉంటారు. పైగా షూటౌట్ ఓడిన జట్టు గెలవాలంటే ఆ 30 నిమిషాల్లో గోల్ కొట్టక తప్పదు. ఇప్పుడైతే అలసిపోయిన రెండు జట్లూ కలిసి కాలం వెళ్లబుచ్చవచ్చు. 1991లో బారిలో మార్సెయితో ఆడిన యూరోపియన్ కప్ ఫైనల్లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ షూటౌట్ కోసమే కాచుకుని ఆడింది. ఆ సంగతి వాళ్ల ఆటగాళ్లే తర్వాత చెప్పారు. 0-0 తర్వాత షూటౌట్లో 5-3తో గెలిచారు కూడా.

దీనికి ఎదురుగా వచ్చే వాదన బలమైనదే. షూటౌట్ గెలిచిన జట్టు అరగంట పాటు పదకొండు మందినీ గోల్ ముందే నిలబెడితే ఏం చేస్తాం? నా జవాబు ఒక్కటే: ఇప్పుడు రెండు జట్లకూ ఉన్న ఆ అవకాశం అప్పుడు ఒక్కదానికే ఉంటుంది. కాగితం మీద ఇది బాగుంది కాబట్టి మైదానంలోనూ అలాగే జరుగుతుందని నమ్మమని అడగను. మొదటి గోల్‌తోనే మ్యాచ్ ముగించే గోల్డెన్ గోల్ కూడా జట్లను దాడికి దింపుతుందనే తెచ్చారు. జట్లు మరింత భయంభయంగా ఆడాయన్న విమర్శ వచ్చింది, 2004లో ఎత్తేశారు.

కాబట్టి ముందు పరీక్షించాలి. కిక్కుల వరుస మార్పును మొదట 17 ఏళ్లలోపు యూరోపియన్ పోటీల్లో పెట్టి చూశారు, దీన్నీ అలాగే కొన్ని సీజన్లు యువ జట్ల టోర్నీల్లో పెట్టవచ్చు. రెండు లెక్కలు తీయాలి. ఎక్స్‌ట్రా టైమ్‌లో పడే గోల్స్ పెరిగాయా? షూటౌట్లో గోల్ అయ్యే కిక్కుల శాతం మ్యాచ్ మధ్య పెనాల్టీల శాతానికి దగ్గరగా వచ్చిందా? రెండోది పెరిగితే కొట్టేవాడి మీద భారం నిజంగా తగ్గినట్టు. పెరగకపోతే ఈ ఆలోచనను కూడా వదిలేయాలి. 129 మ్యాచ్‌లకే తొందరపడి తీర్పు చెప్పకుండా ఉంటే చాలు.