పొంగిన బ్యాటరీ లోపల

మే నెలలో ఒకరోజు నా ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ నొక్కినా పలకడం మానేసింది. విశాఖ డాబాగార్డెన్స్‌లోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళితే, అక్కడి కుర్రవాడు అడుగు పలక విప్పి చూపించాడు. వెండి రంగు సంచీలాంటి బ్యాటరీ నూనెలో వేసిన పూరీలా పొంగి, టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి నెడుతోంది. పక్కనే బల్ల మీద వేరే పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి ఉంది. అందులో ఆరు గుండ్రటి సెల్లులు, ఒక్కొక్కటి వేలంత పొడవు. "అది లిథియం అయాన్, మీది లిథియం పాలిమర్ సార్" అన్నాడతను.

చాలామంది అలాగే అంటారు. నిజానికి రెండూ లిథియం అయాన్ బ్యాటరీలే. ఛార్జింగ్ పెట్టగానే లిథియం అయాన్లు కోబాల్ట్ ఆక్సైడ్ వంటి పదార్థపు పొరల్లోంచి బయలుదేరి గ్రాఫైట్ పొరల మధ్యకు చేరతాయి. వాడుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన బ్యాటరీ పనిచేసిన తీరూ దాదాపు ఇదే, కాకపోతే అందులో గ్రాఫైట్‌కు బదులు వేరే రకం కార్బన్ ఉండేది. దీనికి బాట వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ముఖ్యమైన తేడా తొడుగులో ఉంది. గుండ్రటి సెల్లుది లోహపు డబ్బా. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి దాని పేరు 18650. మనం పాలిమర్ అంటున్నదానికి అల్యూమినియం, ప్లాస్టిక్ పొరలు అతికించిన పలుచని సంచీ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లు ఇంత సన్నబడ్డాయంటే అందులో ఈ సంచీ పాత్ర చాలా ఉంది.

ఆ పాత బ్యాటరీ చీటీ మీద 10.8 వోల్టులు, 4400 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉంది. 3.6 వోల్టుల సెల్లులను సమాంతరంగా జతలుగా కలిపి, మూడు జతలను వరుసగా పేర్చితే వచ్చే లెక్క అది. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే సుమారు 47.5 వాట్ అవర్లు. బ్యాటరీలో నిల్వ ఉండే మొత్తం శక్తి అది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పోల్చవలసింది ఈ వాట్ అవర్లనే.

కోబాల్ట్ ఆక్సైడ్‌కు బదులు ఐరన్ ఫాస్ఫేట్ వాడే లిథియం అయాన్ రకం కూడా ఉంది. వేడికి బాగా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ అంతే శక్తికి బరువు, పరిమాణం ఎక్కువ. అందుకే అది ఇన్వర్టర్లలో, విద్యుత్ వాహనాల్లో కనిపిస్తుంది.

మరి నాది ఎందుకు పొంగింది? సెల్లు లోపలి ద్రావణం కాలం గడిచేకొద్దీ విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. వేడి, ఎప్పుడూ నిండుగా ఉండే ఛార్జింగ్ రెండూ కలిస్తే ఇది త్వరపడుతుంది. విశాఖ ఎండల్లో ఏసీ లేని గదిలో రోజంతా ఛార్జర్‌కు తగిలించి ఉంచాను. కారణం అంతకంటే వెతకనక్కరలేదు. లోహపు డబ్బా ఈ ఒత్తిడిని కొంత ఓర్చుకుంటుంది, సంచీ వెంటనే ఉబ్బుతుంది. ఆ ఉబ్బును సూదితో గుచ్చి తీయాలని చూడటం ప్రాణాంతకం: లోపలి రెండు ధ్రువాలు తాకితే నిప్పు రాజుకుంటుంది.

కుర్రవాడు లోహపు పనిముట్లు పక్కనపెట్టి, ప్లాస్టిక్ పలకతో దాన్ని మెల్లగా లేపాడు. తలుపు బయట ఉన్న ఇసుక బకెట్టులో పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకెళ్లేవారికి ఇస్తానన్నాడు. కొత్తది బిగించాక, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోయేలా సెట్టింగ్ మార్చి ఇచ్చాడు.