గ్రీకు విషాద నాటకాల్లో గర్వం, విధి, పతనం: అపోహలు - వాస్తవాలు

గ్రీకు విషాద నాటకం పట్టుకున్న తెలుగు పాఠకుడి దగ్గర అప్పటికే రెండు తాళంచెవులు ఉంటాయి: గర్వభంగం, తలరాత. పురాణాలు వింటూ పెరిగినవాళ్లకు అవి బాగా అలవాటైనవి. ఏథెన్స్ నాటకాల్లో మాత్రం అవి కొన్ని తలుపులకే పడతాయి. మిగతా చోట్ల బలవంతంగా తిప్పితే తాళమే పాడవుతుంది.

అపోహ: హ్యూబ్రిస్ అంటే గర్వం, అహంకారం.

ఏథెన్స్‌లో హ్యూబ్రిస్ ప్రధానంగా మనసులో ఉండే గుణం కాదు, ఎదుటివాడి మీద చేసే పని. పైగా కోర్టుకెక్కే నేరం. బాధితుడే ఫిర్యాదు చేయాలని లేదు, ఏ పౌరుడైనా కేసు వేయొచ్చు. బానిసను అలా అవమానించినా చట్టం వర్తించేది. ఎదుటివాడికి తలవంపులు తెచ్చే పని చేయడం, మాట అనడం, అదీ ఏ లాభం కోసమూ కాకుండా ఆ సంబరం కోసమే చేయడం: అరిస్టాటిల్ ‘రెటోరిక్’లో ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది.

ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ రాసిన ఒక కోర్టు ప్రసంగంలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. అరిస్టాన్ అనే యువకుణ్ణి కొందరు చితకబాది బురదలో పడేస్తారు. అప్పుడు కోనన్ అనే పెద్దమనిషి మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ, పందెంలో గెలిచిన పుంజులా కూత కూస్తాడు. కొట్టడం ఒక నేరం. ఆ కూతతో అది హ్యూబ్రిస్ అవుతుంది. సంక్రాంతి బరులు చూసినవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు. మహాభారతంలో దీనికి సాటి వెతికితే, దొరికేది దుర్యోధనుడి ఐశ్వర్యగర్వం కాదు, నిండు సభలో ద్రౌపదికి తొడ చూపించడం.

అందుకే అనువాదంలో ‘పొగరు’ అని రాసే ముందు ‘ఎవరి మీద?’ అని అడిగి చూడండి. చాలా చోట్ల జవాబు దొరుకుతుంది. అప్పుడు ‘పరాభవం’, ‘దౌర్జన్యం’ అనే మాటలే మూలానికి దగ్గరగా ఉంటాయి.

అపోహ: నాయకుడి గర్వమే అతన్ని కూలుస్తుందని అరిస్టాటిల్ చెప్పాడు.

చెప్పలేదు. ‘పొయెటిక్స్’ 13వ అధ్యాయంలో ఆయన వాడిన మాట హమార్తియా. విలుకాడి బాణం గురి తప్పడాన్ని చెప్పే క్రియ నుంచి వచ్చిన మాట అది. నాయకుడు దుర్మార్గం వల్ల కాక, ఏదో ఒక పెద్ద పొరపాటు వల్ల కూలాలి అంటాడు. ఎవరో తెలియకుండా కొట్టడం లాంటివి ఇందులోకి వస్తాయి. తర్వాతి కాలపు క్రైస్తవ గ్రంథాల గ్రీకులో ఇదే మాట ‘పాపం’ అనే అర్థంలో స్థిరపడింది. ఆ అర్థాన్ని వెనక్కి లాక్కెళ్లి, ‘ఈడిపస్’, ‘యాంటిగని’ నాటకాలు రాసిన సోఫోక్లీస్‌కు అంటించడంతో ‘నాయకుడిలోని లోపం’ అనే పాఠం తయారైంది. పరీక్షల్లో మార్కులు తెచ్చిపెడుతోంది కాబట్టి అది ఇప్పట్లో పోయేలా లేదు.

అపోహ: ఈడిపస్ విధి చేతిలో కీలుబొమ్మ. లేదా, కోపిష్టి కాబట్టి తగిన శాస్తి జరిగింది.

ఒకదాన్నొకటి కొట్టేసుకునే ఈ రెండు మాటలూ తరచు ఒకే వ్యాసంలో పక్కపక్కనే కనిపిస్తాయి.

ముందు సోఫోక్లీస్ ‘ఈడిపస్’ నాటకంలో ఏముందో చూద్దాం. కన్నకొడుకు చేతిలో చస్తావని థీబ్స్ రాజు లాయస్‌కు జోస్యం వస్తుంది. బిడ్డ పుట్టి మూడు రోజులు కాకముందే చీలమండలు బిగించి కొండ మీద పారేయమంటాడు. కాపరి జాలిపడి కొరింత్ నగరపు మనిషికి ఇచ్చేస్తాడు. ఈడిపస్ అక్కడి రాజు కొడుకుగా పెరుగుతాడు. నువ్వు వాళ్లకు పుట్టలేదని విందులో ఒక తాగుబోతు నోరు జారితే, నిజం తెలుసుకుందామని, అపోలో దేవుడు జోస్యం చెప్పే డెల్ఫీ గుడికి వెళతాడు. అపోలో ఆ ప్రశ్నకు జవాబివ్వడు. తండ్రిని చంపుతావు, తల్లిని పెళ్లాడతావు అని మాత్రం చెబుతాడు. దాంతో కొరింత్ వైపు తిరిగి చూడకుండా నడుస్తాడు. మూడు దారులు కలిసే చోట బండిలో ఎదురైన వాళ్లు దారి తప్పుకోమని నెట్టేస్తే బండివాణ్ణి కొడతాడు. బండిలోని ముసలాయన ముల్లుకర్రతో ఇతని తల మీద కొడతాడు. ఇతను ఆ ముసలాయన్ని చంపేస్తాడు. అతనే లాయస్. తర్వాత థీబ్స్‌కు రాజై, తెలియకుండానే తల్లి జొకాస్టాను పెళ్లాడతాడు.

జోస్యం ‘ఏం జరుగుతుంది’ అని చెప్పింది. ‘ఎలా’ అన్నది మనుషులు అడుగడుగునా చేసుకున్నదే. లాయస్ భయం, కాపరి జాలి, కొడుకు పితృభక్తి: ఒక్కొక్కటీ విడిగా చూస్తే అర్థమయ్యే పనులే, కలిస్తే జోస్యం నిజమైంది. ఇందులో పూర్వజన్మ కర్మ ఊసు లేదు.

నాటకం మొదలయ్యేసరికి ఇదంతా అయిపోయింది. రంగం మీద జరిగేది నేరం కాదు, లాయస్‌ను చంపిందెవరన్న దర్యాప్తు. ఆ దర్యాప్తు చేసి తీరాలని ఈడిపస్ మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. గుడ్డి జోస్యుడు టైరేసియాస్ నోరు విప్పనంటాడు, జొకాస్టా ఆపమని బతిమాలుతుంది, కాపరి చెప్పనని మొండికేస్తాడు. మూడుసార్లూ ఇతనే ముందుకు తోస్తాడు. కళ్లు పొడుచుకోవడం గురించి లోపలి నుంచి వచ్చిన సేవకుడు అనే మాట కూడా గమనించండి: ఇవి తెలియక జరిగినవి కావు, కావాలని చేసుకున్నవి. ఈడిపస్ కూడా రెండూ ఒకే ఊపిరిలో ఒప్పుకుంటాడు: నా బాధలకు కారకుడు అపోలో, పొడిచిన చెయ్యి మాత్రం నాదే.

ప్రదర్శించేవాళ్లు తరచు చేసే తప్పు ఒకటుంది. పతనం పెద్దదిగా కనిపించాలని మొదటి దృశ్యం నుంచే ఈడిపస్‌ను ఛాతీ విరుచుకుని నడిపిస్తారు. మూలంలో అతను దూతను పంపకుండా తానే బయటికి వచ్చి జనం గోడు వింటాడు. వాళ్లు అడిగేలోపే జొకాస్టా తమ్ముడు క్రియాన్‌ను డెల్ఫీకి పంపి ఉంటాడు, టైరేసియాస్ కోసం రెండుసార్లు కబురు చేసి ఉంటాడు. కోపం, అనుమానం టైరేసియాస్ దృశ్యంలో రావాలి. ముందే వచ్చేస్తే నాటకం ఒట్టి గర్వభంగం కథగా కుంచించుకుపోతుంది.

ఇంకో చిన్న విషయం. లాయస్‌ను చంపింది ‘దొంగలు’ అని క్రియాన్ బహువచనంలో చెబితే, ఈడిపస్ వెంటనే ‘ఆ దొంగ’ అని ఏకవచనంలో అంటాడు. ఒక్కడా, పలువురా అన్నదాని మీదే అతని ఆశంతా నిలబడుతుంది. తీరా సాక్షి వచ్చాక ఆ ప్రశ్న ఎవరూ అడగరు, ఎందుకంటే అప్పటికి ఈడిపస్ ఎవరి బిడ్డ అనే అంతకంటే పెద్ద ప్రశ్న ముందుకొచ్చింది. అనువాదంలో ఈ వచనాలు తారుమారైతే ఆ దారం తెగిపోతుంది.

అపోహ: అయితే గ్రీకు నాటకాల్లో హద్దుమీరి పడిపోయినవాళ్లే లేరు.

ఉన్నారు. క్రీ.పూ. 472లో ఎస్కిలస్ వేసిన ‘పర్షియన్లు’ అచ్చంగా అదే. గ్రీసు మీదికి దండెత్తిన పర్షియా రాజు జెర్క్సీస్ నౌకాదళం ఓడిపోయిన సలామిస్ యుద్ధం జరిగి అప్పటికి ఎనిమిదేళ్లు. జెర్క్సీస్ తండ్రి డేరియస్ ప్రేతం సమాధి మీదికి వచ్చి, హ్యూబ్రిస్ పూస్తే వినాశం అనే వెన్ను వేస్తుందని, కోతకు వచ్చేది కన్నీళ్లేనని అంటుంది. ఇక్కడా హ్యూబ్రిస్ అంటే ఒట్టి బింకం కాదు. గ్రీకు గుళ్లు తగలబెట్టడం, విగ్రహాలు పెకలించడం. బాధితులు దేవుళ్లు. చావు మాత్రం జెర్క్సీస్‌కు రాదు, చిరిగిన బట్టలతో ఇంటికొస్తాడు.

అపోహ: ట్రాజెడీ అంటే చివర్లో చావు ఉండాల్సిందే.

అక్కర్లేదు. ‘యుమెనిడీస్’, ‘ఫిలోక్టీటిస్’, ‘అయాన్’ సర్దుబాటుతోనే ముగుస్తాయి. అరిస్టాటిల్ కూడా 13వ అధ్యాయంలో దుఃఖాంతాన్ని మెచ్చుకుని, 14లో మాత్రం చంపబోతూ ఆఖరి క్షణంలో అయినవాళ్లని గుర్తుపట్టి ఆగిపోయే కథే అన్నిటికన్నా మేలంటాడు. ఈ రెండిటికీ పొత్తు కుదర్చడానికి పండితులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు.

అపోహ: ‘యాంటిగని’లో క్రియాన్ మనసు మార్చుకోడు, అందుకే నాశనమవుతాడు.

మార్చుకుంటాడు. ఈ నాటకంలో క్రియాన్ రాజు. తన అన్న శవాన్ని ఆజ్ఞ మీరి పూడ్చినందుకు యాంటిగనిని గుహలో మూసేయిస్తాడు. తర్వాత, ఏం చేయమంటారని వృద్ధుల బృందాన్ని తానే అడుగుతాడు. వాళ్లు వరస కూడా చెబుతారు: ముందు గుహలోంచి పిల్లను విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు. క్రియాన్ ముందు శవం దగ్గరికి వెళతాడు. కడిగి, దహనం చేసి, మట్టిదిబ్బ పోసి, అప్పుడు గుహకు వెళ్లేసరికి యాంటిగని ఉరి వేసుకుని ఉంటుంది. తిన్నగా గుహకే వెళ్లి ఉంటే బతికుండేదా అన్నది నాటకం చెప్పదు. ఇదంతా దూత నోట వస్తుంది. నిడివి తగ్గించాలని ఆ ప్రసంగంలో కత్తెర వేసేటప్పుడు అంత్యక్రియల నాలుగు వాక్యాలే ముందు పోతుంటాయి. అవి ఉంచి, కావాలంటే ఇంకెక్కడైనా కోయండి.