కవరు నుంచి కిట్ దాకా: క్లినికల్ ట్రయల్ మందుల సరఫరా ఒక వృత్తిగా ఎలా నిలబడింది

పరవాడ ఫార్మా సిటీలో ముడి మందులు తయారవుతాయి. విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) లాంటి చోట్ల క్లినికల్ ట్రయల్స్, అంటే మనుషుల మీద కొత్త మందుల పరీక్షలు జరుగుతాయి. ఈ రెండింటి మధ్య ఇంకో పని ఉంది. ప్రయోగ దశలో ఉన్న మందును ప్యాక్ చేయాలి, లేబుల్ అంటించాలి, ఏ రోగికి ఏ రోజున ఏ కిట్ వెళ్లాలో అదే చెడిపోకుండా చేర్చాలి, మిగిలినదాన్ని లెక్కతో వెనక్కి రప్పించాలి. విశాఖలో ఫార్మసీ చదివిన వాళ్లు వేలల్లో ఉన్నా ఈ పనిని విడిగా నేర్పే డిగ్రీ లేదు. ఉద్యోగంలో చేరాక పక్కవాళ్లను చూసి నేర్చుకోవాల్సిందే. ఈ రంగంలో సంఘాలు అవసరమైంది ఇందుకే.

మూలాలు వెతికితే 1948 దగ్గర ఆగాలి. ఆ ఏడాది బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ క్షయ రోగులపై స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలు ప్రకటించింది. మొత్తం 107 మంది. 55 మందికి మందు, పడక విశ్రాంతి రెండూ ఇచ్చారు. 52 మందికి విశ్రాంతి మాత్రమే. అప్పటికి దేశంలో ఉన్న మందు చాలా కొద్ది. అందరికీ చాలదు కాబట్టే ఎవరికి ఇవ్వాలో యాదృచ్ఛిక సంఖ్యలతో తేల్చడం న్యాయమనిపించింది. ఆ నిర్ణయాన్ని సీలు వేసిన కవర్లలో దాచారు. అంటే ఆధునిక ట్రయల్ పద్ధతికి పునాది పడింది సరఫరా కొరత మీదే. అదే ఏడాది జూన్‌లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని రాశారు. ఆ మందు వచ్చింది లెడర్లీ ప్రయోగశాలల నుంచి, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందం నుంచి. తెలుగువాళ్లకు ఈ చరిత్రలో ఉన్న చోటు చిన్నది కాదు.

ప్రయోగ మందుకు లెక్క లేకపోతే ఏమవుతుందో థాలిడోమైడ్ అనే నిద్రమందు చూపించింది. అమెరికాలో దానికి అమ్మకపు అనుమతి రాలేదు. అయినా ప్రయోగం పేరుతో 25 లక్షలకు పైగా మాత్రలు వెయ్యి మందికి పైగా డాక్టర్ల చేతికి వెళ్లాయి. గర్భిణులు వాడితే పిల్లలు వైకల్యంతో పుడతారన్న ప్రమాదం బయటపడ్డాక వాటిని వెనక్కి తెప్పించబోతే, ఎవరికి ఎన్ని ఇచ్చారో చాలామంది దగ్గర రాత లేదు. 1962 అక్టోబరులో అమెరికా మందుల చట్టానికి వచ్చిన కెఫావర్-హారిస్ సవరణ, దాని వెంట వచ్చిన నిబంధనలు ప్రయోగ మందు రాక, పోక, మిగులు రాసిపెట్టడాన్ని బాధ్యతగా మార్చాయి. నేడు ప్రతి ట్రయల్ కేంద్రంలో ఫార్మసిస్టు నింపే అకౌంటబిలిటీ లాగ్‌కు, అంటే మందు లెక్కల పుస్తకానికి మూలం అదే.

1964లో డ్రగ్ ఇన్ఫర్మేషన్ అసోసియేషన్, 1980లో ఔషధ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐఎస్‌పీఈ పుట్టాయి. ఐఎస్‌పీఈలో ప్రయోగ మందులకు విడిగా ఒక బృందం ఏర్పడింది. అచ్చంగా సరఫరా వాళ్ల కోసమే గ్లోబల్ క్లినికల్ సప్లైస్ గ్రూప్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుస్తోంది. కంపెనీలు ఒకదానికొకటి పోటీయే. కొత్త అణువు గురించి ఎవరూ నోరు విప్పరు. కానీ పోలిక కోసం పోటీ కంపెనీ మందును మార్కెట్లో ఎలా కొనాలి, ఏ దేశానికి లేబుల్ ఏ భాషలో కావాలి, కస్టమ్స్‌లో పెట్టె ఎందుకు ఆగుతుంది అన్న సంగతుల్లో దాచుకునే రహస్యమేమీ లేదు. ఈ మూలన జరిగిన తప్పే ఆ మూలనా జరుగుతోంది. ఈ సంఘాలు పెరగడానికి ఆ తప్పులే అసలు ఎరువు అని మా అభిప్రాయం.

తప్పులన్నిటిలోకీ ఖరీదైనది గోప్యత పోవడం. ఎవరికి మందు, ఎవరికి ప్లాసిబో (చూడటానికి మందులాగే ఉండే ఉత్తిది) అన్నది డాక్టరుకూ రోగికీ తెలియకూడదు. కిట్ నంబర్లు వరసగా వేసి మొదటి సగం మందుకు, రెండో సగం ప్లాసిబోకు ఇచ్చారనుకోండి. అత్యవసరంలో ఒక్క రోగి కోడ్ విప్పితే చాలు, మిగతా అందరిదీ ఊహించవచ్చు. అందుకే నంబర్లను కలగాపులగం చేస్తారు. మందుకు ఒక గడువు తేదీ, ప్లాసిబోకు ఇంకోటి ముద్రిస్తే అదీ గుట్టు విప్పడమే. రెంటిలో ముందు ముగిసే తేదీనే రెండింటి మీదా వేయాలి. ఇన్వాయిస్‌లో ‘ప్లాసిబో’ అని విడిగా విలువ చూపినా పని చెడ్డట్టే.

పోలిక మందు మాత్ర రంగు, ఆకారం వేరైతే రెండు దారులున్నాయి. మాత్రను పెద్ద గెలాటిన్ క్యాప్సూల్‌లో పెట్టి, గలగలలాడకుండా ఖాళీని మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే మందు గుణం లేని పొడితో నింపడం ఒకటి. అప్పుడు మాత్ర కరిగే వేగం మారలేదని డిసొల్యూషన్ పరీక్షతో రుజువు చేయాలి. రెండోది డబుల్ డమ్మీ: ప్రతి రోగీ రెండు రకాలూ మింగుతారు, అందులో ఒకటి ఉత్తిది. తయారీ సులువే కానీ రోగి మింగాల్సినవి రెట్టింపవుతాయి, మానేసేవాళ్లు పెరుగుతారు.

ఎంత తయారు చేయాలన్నది ఇంకో చిక్కు. 60 మంది రోగులు, ఒక్కొక్కరికి 6 కిట్లు అంటే 360. కానీ 12 కేంద్రాలుంటే, ఎక్కడ ఎవరు చేరినా సిద్ధంగా ఉండాలని ఒక్కో కేంద్రంలో రెండు రకాలవీ మూడేసి కిట్లు పెట్టాలి. అవి 72, అంటే 20 శాతం అదనం. అవే 12 కేంద్రాల్లో 120 మంది ఉంటే 720 కిట్లకు అదే 72, అంటే 10 శాతమే. రోగులు తక్కువై కేంద్రాలు ఎక్కువైన కొద్దీ వృథా పెరుగుతుంది. కాగితం కవర్ల కాలంలో ఈ అదనం ఇంకా ఎక్కువగా ఉండేది, ఎందుకంటే ప్రతి కేంద్రానికీ కేటాయింపు ముందే పంపాలి. 1990ల్లో ఫోన్ ద్వారా, తర్వాత వెబ్ ద్వారా కిట్ కేటాయించే వ్యవస్థలు వచ్చాక, నిల్వ తగ్గిన కేంద్రానికే అప్పటికప్పుడు పంపడం వీలైంది. 1948 నాటి సీలు కవరు చేసిన పనిని ఇప్పుడు ఈ వ్యవస్థ చేస్తోంది.

భారత్‌లో ట్రయల్స్‌కు నిబంధనలు పెట్టిన షెడ్యూల్ వై 1988లో వచ్చింది. 2005 మలుపు: అదే ఏడాది షెడ్యూల్ వై సవరణ, మందులకు ఉత్పత్తి పేటెంట్లు, ఇండియన్ సొసైటీ ఫర్ క్లినికల్ రీసెర్చ్ స్థాపన జరిగాయి. ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జులైలో మొదలై, 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరైంది. 2019 మార్చి నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు సరఫరా వాళ్లకు నిత్య పుస్తకం. అవి వచ్చినప్పుడు ట్రయల్ కోసం తయారీకి సీటీ-10 ఫారంలో దరఖాస్తు, సీటీ-11లో అనుమతి అని పెట్టారు. దిగుమతికి సీటీ-16, సీటీ-17. లేబుల్ మీద మందు పేరు లేదా కోడ్, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, నిల్వ షరతులు, ట్రయల్ జరిగే సంస్థ, తయారీదారు చిరునామా, ఉద్దేశం ఉండాలి. రోగి ఇంటికి తీసుకెళ్లే పెట్టె మీద వాడే విధానం తెలుగులో లేకపోతే మిగతావన్నీ సరిగా ఉన్నా ఉపయోగం సగమే.

విశాఖకు వాతావరణమే పెద్ద పరీక్ష. ఐరోపాకు చేసే దీర్ఘకాల స్థిరత్వ పరీక్ష 25 డిగ్రీలు, 60 శాతం తేమ దగ్గర. భారత్‌కు 30 డిగ్రీలు, 70 శాతం. అక్కడ బల్ల మీద ఉంచగలిగిన మందుకు ఇక్కడ ఏసీ గది కావాలి. గెలాటిన్ క్యాప్సూల్ సముద్రపు తేమ పీల్చి మెత్తబడి అంటుకుంటుంది. అలాగని గదిని మరీ ఆరబెడితే పెళుసై పగులుతుంది.

2–8 డిగ్రీల మందుల విషయంలో అందరూ వేడికి భయపడతారు. ప్రొటీన్ మందులను, అల్యూమినియం లవణాలున్న టీకాలను అంతకంటే ఎక్కువగా చెడగొట్టేది గడ్డకట్టడం. మైనస్ 20 నుంచి తీసిన ఐస్ ప్యాక్‌ను నేరుగా పెట్టెలో పెడితే దాన్ని ఆనుకున్న వయల్ (మందు సీసా) గడ్డకడుతుంది. ప్యాక్ బయట చెమర్చి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాకా ఆగాలి. ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పెట్టడమూ అంతే ప్రమాదం. ఉష్ణోగ్రతను నమోదు చేసే డేటా లాగర్ పెట్టి, వారాంతం గడిచి సోమవారం దాకా చూడకపోతే అది చెడిపోయిన సంగతి చెబుతుంది తప్ప కాపాడదు. హద్దు దాటిందని తెలిసిన వెంటనే కిట్లను విడిగా పెట్టి, ఎంత ఉష్ణోగ్రత ఎంతసేపు ఉందో రాసి స్పాన్సరుకు, అంటే ట్రయల్ జరిపిస్తున్న కంపెనీకి పంపాలి. జవాబు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకూడదు, పారేయకూడదు కూడా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు, డీజిల్ దొరకడమూ కష్టమైంది. జనరేటర్ ఉందని కాగితం మీద రాసుకోవడం వేరు, దాన్ని మూడు రోజులు నడపగల ఇంధనం ఉండటం వేరు. విశాఖలో సరఫరా వాళ్లు, ఆస్పత్రి ఫార్మసిస్టులు, ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) ఫార్మసీ అధ్యాపకులు కలిసి ఒక స్థానిక బృందం పెట్టుకోదలిస్తే మొదటి పని ఇక్కడే దొరుకుతుంది. సెప్టెంబరు ముగిసేలోగా ప్రతి కేంద్రంలో లోడుతో జనరేటర్ నడిపి చూడాలి. కరెంటు పోతే తలుపు తెరవని ఫ్రిజ్ ఎన్ని గంటలకు 8 డిగ్రీలు దాటుతుందో కొలిచి దాని తలుపు మీదే రాయాలి. ఏ కేంద్రం మందును ఏ కేంద్రానికి తరలించవచ్చో స్పాన్సర్ల నుంచి ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. తుపాను హెచ్చరిక వచ్చాక ఈ మూడింటిలో ఒక్కటీ మొదలుపెట్టే వ్యవధి ఉండదు.