ఇంట్లో సినిమా: అపోహలు - వాస్తవాలు

నేను ఇళ్లలో టీవీలు, సౌండ్‌బార్లు, ప్రొజెక్టర్లు బిగిస్తుంటాను. గోడకు బిగించడం అరగంట పని. ఆ తర్వాత వచ్చే ఫోన్లే ఎక్కువ. "ఇంత డబ్బు పోశాం, సినిమా చూస్తే ఆ మజా రావట్లేదండీ" అంటారు. చాలా ఇళ్లలో కొత్తగా కొనాల్సింది ఏమీ ఉండదు, రిమోట్‌తోనే పని అయిపోతుంది.

అపోహ: సినిమా సీరియల్‌లా కనిపిస్తోందంటే టీవీ పీసే తేడా.

పీస్ బాగానే ఉంటుంది. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. కొత్త టీవీలు ఆ ఫ్రేముల మధ్యలో తామే కొన్ని కల్పించి ఇరికిస్తాయి. దాంతో కదలికలు మరీ నున్నగా జారిపోయి, కోట్లు పెట్టి తీసిన సీన్ కూడా సెట్‌లో వీడియో తీసినట్టు ఉంటుంది. 2018లో హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ అంతటివాడే దీన్ని ఆపేసుకోండని జనానికి వీడియో పెట్టి మరీ చెప్పాడు. పిక్చర్ సెట్టింగ్స్‌లో వెతకండి. సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది. సినిమాకు ఆఫ్ చేయండి, క్రికెట్‌కు కావాలంటే ఉంచుకోండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీ అయితే అది పెడితే చాలు.

అపోహ: రంగులు ఎంత కొట్టొచ్చినట్టు ఉంటే బొమ్మ అంత బాగున్నట్టు.

షోరూమ్‌లో అంత లైటింగ్ మధ్య కస్టమర్ కళ్లు పడాలని టీవీలను వివిడ్ మోడ్‌లో పెడతారు. ఇంట్లోనూ అదే ఉంచేస్తే తెల్ల పంచె నీలిమందు ఎక్కువైనట్టు కనిపిస్తుంది. మూవీ లేదా సినిమా మోడ్‌కు మార్చండి. మొదట్లో పసుప్పచ్చగా, డల్‌గా ఉందనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఓపిక పడితే కళ్లు అలవాటు పడతాయి.

అపోహ: డైలాగులు వినపడకపోతే పెద్ద సౌండ్‌బార్ కొనాలి.

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇదే. మాటలు వినపడట్లేదని సౌండ్ పెంచుతారు, అంతలో ఫైటొస్తుంది, నిద్రపోయే పిల్లలు లేచి కూర్చుంటారు. 5.1 సౌండ్‌లో, అంటే అయిదు స్పీకర్లు, ఒక బేస్ బాక్స్ ఉండే పద్ధతిలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లో వస్తాయి. మామూలు టీవీల్లో ఆ స్పీకర్ ఉండదు. ఉన్న చిన్న స్పీకర్లు కూడా చాలా టీవీల్లో కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. ముందు ఓటీటీ యాప్‌లో ఆడియో మెనూ తెరిచి, 5.1 అని రాసి ఉన్నది కాకుండా మామూలు తెలుగు ట్రాక్ ఉంటే పెట్టి చూడండి. టీవీలో క్లియర్ వాయిస్, నైట్ మోడ్ లాంటివి ఉంటే ఆన్ చేయండి.

అప్పటికీ కుదరకపోతే హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. టంగుమని సాగిందంటే తప్పు గదిది. కింద టైల్స్, బోసి గోడలు, కర్టెన్ లేని కిటికీ. వీటన్నిటికీ కొట్టుకుని మాట ముద్దయిపోతుంది. మందపాటి కర్టెన్లు వేసి, సోఫా ముందు ఒక జంపఖానా పరవండి, తేడా తెలుస్తుంది. సౌండ్‌బార్ కొనే తీరాలనుకుంటే 2.1 వదిలేసి 3.1 చూడండి. ఆ మూడోదే మాటల స్పీకర్. వైరును టీవీ వెనక ఏఆర్‌సీ (ARC) అని చిన్న అక్షరాలున్న హెచ్‌డీఎంఐ పోర్టులోనే పెట్టాలి. పక్కదాంట్లో పెట్టేసి "సౌండే రావట్లేదు" అని నాకు ఫోన్ చేసేవాళ్లు బోలెడుమంది.

అపోహ: 4కే టీవీ కొంటే అన్నీ 4కేలోనే వస్తాయి.

రావు. 4కే అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్న బొమ్మ, అది అవతలి నుంచి కూడా అలాగే రావాలి. ఉదాహరణకు నెట్‌ఫ్లిక్స్‌లో ప్రీమియం ప్లాన్ కావాలి, నెట్ స్పీడ్ 15 ఎంబీపీఎస్ అయినా ఉండాలి. పైగా 55 అంగుళాల టీవీకి ఏడడుగులు దాటి కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ స్పష్టతలో తేడా మామూలు కంటికి దాదాపు తెలియదు. మీ సోఫా ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి కొలిచాక ప్లాన్ మార్చుకోండి.

అపోహ: దగ్గర కూర్చుంటే కళ్లు పోతాయి.

పోవు, అలసిపోతాయి అంతే. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కలర్ టీవీలు కొన్ని మోతాదు మించి ఎక్స్‌రేలు వదులుతున్నాయని బయటపడింది. ఈ భయం పెరగడానికి అదీ ఒక కారణం. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల్లో అలా ఎక్స్‌రేలు వదిలే ట్యూబులే లేవు. పిల్లవాడు రోజూ టీవీకి అతుక్కునే కూర్చుంటుంటే మాత్రం ఒకసారి కంటి డాక్టర్‌కు చూపించండి. దూరంగా ఉన్నది కనపడక ముందుకు జరుగుతున్నాడేమో.

అపోహ: పెట్టె మీద 4కే అని ఉంది కాబట్టి ఈ ప్రొజెక్టర్ 4కేదే.

"4కే సపోర్ట్" అంటే ఆ సిగ్నల్‌ను తీసుకుంటుందని మాత్రమే. చూడాల్సింది నేటివ్ రిజల్యూషన్, అంటే ప్రొజెక్టర్ నిజంగా వేయగల చుక్కల లెక్క. అది కనీసం 1920×1080, అంటే ఫుల్ హెచ్‌డీ అయినా ఉండాలి. వెలుతురు లెక్కకూ అంతే. వేలకు వేలు ల్యూమెన్లు అని రాసేస్తారు, మీరు ఆన్సీ ల్యూమెన్స్, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుతురు, ఎంతో అడగండి. పగలు హాల్లో చూడాలంటే టీవీకి మించింది లేదు. వేసవి రాత్రుల్లో డాబా మీద చాపలేసుకుని చూడటానికైతే ప్రొజెక్టర్ సరదాయే వేరు. తెర కూడా అక్కర్లేదు, మెరుపు లేని తెల్ల సున్నం గోడ చాలు. పది దాటాక స్పీకర్ తగ్గించండి, పక్కింటివాళ్లు ఆ సినిమా చూసేసి ఉండొచ్చు.